అన్నయ్య కారుకు అడ్డకడ్డీ

మా అన్నయ్య బందరులో ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పాడు. రిటైరైన నెలలోనే రెండు తలుపుల ఎర్ర కారు ఒకటి కొన్నాడు. అంతకుముందు అది కైకలూరు వైపు చేపల చెరువులున్న ఒక ఆసామిది. ఆయన లావెక్కి, ఎక్కితే దిగలేకపోవడంతో దాన్ని గొడ్లపాకలో పెట్టేశాడు. అన్నయ్య సన్నగా ఉండేవాడు. అందుకని కొన్నాననే చెప్పాడు.

ఆ కారు నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. వేగంగా పోవడానికి, మలుపుల్లో గట్టిగా తిరగడానికి చేసిన కారు. మా వైపు దారుల్లో ఆ రెండింటికీ చోటు తక్కువ. కోతలయ్యాక రోడ్డు సగం మేర ధాన్యం ఆరబోస్తారు. మిగిలిన సగంలో బాతుల మందలు నడుస్తాయి. అన్నయ్య బాతుల వెనకాల మొదటి గేరులో వెళ్తూ, ఇంజను శబ్దం విన్నావా అని నన్ను అడిగేవాడు. బాతుల శబ్దం వినిపించేది.

కారు కొన్న కొన్నాళ్లకు అతనికి ఒక సందేహం పట్టుకుంది. పులిగడ్డ వంతెన మీద అతుకులు దాటేటప్పుడు ఎడమ తలుపు కిర్రుమనేది. గుడివాడలో కారు బాగుచేసే మెకానిక్కు, అన్నయ్య దగ్గర చదివినవాడే, దానికి కారణం చెప్పాడు.

"నులక మంచం చూడండి మేష్టారూ. ఒక కోడు ఎత్తితే మంచమంతా మెలి తిరుగుద్దా లేదా? మీ కారూ అంతే. మలుపులో ఒక మూల లేస్తే బాడీ మెలి తిరుగుతుంది. బానెట్ కింద ముందు స్ప్రింగుల రెండు పైకొనల్నీ కలుపుతూ ఓ అడ్డకడ్డీ వేశామనుకోండి, ఇక మెలి ఉండదు. స్ప్రింగు పని స్ప్రింగే చేసుకుంటుంది."

మా అక్క భర్త, మా బావ, ఇరిగేషన్ శాఖలో ఏఈగా చేసి రిటైరయ్యాడు. ఆయన ఈ వాదనను అక్కడే నిలబడి కొట్టిపారేశాడు.

"కారు బిగిస్తే రోడ్డు బిగుస్తుందటయ్యా? ఇది రేగడి నేల. వానకి ఉబ్బుద్ది, ఎండకి పగులుద్ది. నలభై ఏళ్లు కాలవ గట్లే చూశాను. నీ కడ్డీ ఆ నేలకేం చెబుద్ది?"

"నేలకి చెప్పడానికి కాదు ఏఈ గారూ, కారుకి."

"కారుకి చెవులుంటేగా!"

ఆ తరవాత రెండేళ్లు ప్రతి ఆదివారం అన్నయ్య గుడివాడ వెళ్లాడు. బావ కూడా వెళ్లాడు. షెడ్డు ముందు రెండు స్టూళ్లు, ఒక పాత కారు సీటు వేసుకుని ముగ్గురూ కడ్డీ వెయ్యాలా వద్దా అని మాట్లాడుకునేవారు. అన్నయ్య ఎటూ తేల్చేవాడు కాదు. ఒక నోటుబుక్కు పెట్టాడు. ఏ రోజు, ఏ వంతెన, ఎంత వేగం, తలుపు కిర్రుమందా లేదా అని అందులో రాసేవాడు.

అప్పుడప్పుడు నేనూ వెళ్లేవాణ్ణి. వెంట ఒక పుస్తకం తీసుకెళ్లేవాణ్ణి. చివరి ఆదివారం గుడివాడ నుంచి పెడన మీదుగా వస్తుంటే అన్నయ్య అడిగాడు.

"వాళ్లిద్దరి సంగతీ తెలిసిందే. నువ్వేమంటావురా? వేయించమంటావా, వద్దంటావా?"

నేను పేజీలోంచి తల ఎత్తలేదు. "నీ ఇష్టం అన్నయ్యా" అన్నాను.

అతను గేరు మార్చాడు. గురువారం పొద్దున స్నానానికి వెళ్తూ గుమ్మం దగ్గర కూలబడ్డాడు. డాక్టరు వచ్చేసరికే పోయాడు.

తరవాత నోటుబుక్కు తెరిస్తే చివరి పేజీలో స్కేలుతో మూడు గడులు గీసి ఉన్నాయి. మెకానిక్కు: వెయ్యాలి. బావ: వద్దు. తమ్ముడు అని రాసిన గడి ఖాళీగా ఉంది. అన్నయ్య లెక్క పూర్తి చెయ్యకుండా వదిలిన పేజీ నేను ఇంకెక్కడా చూడలేదు.

అన్నయ్యకు పిల్లలు లేరు. కర్మ నేను చేశాను. మా సొంతూరు దివిసీమలో ఉంది కాబట్టి పదో రోజు పిండాలు అవనిగడ్డ దగ్గర కృష్ణ ఒడ్డున పెట్టాం. నేను, వదిన, బావ, మెకానిక్కు, పంతులుగారు. మోకాళ్ల నొప్పులతో అక్క ఇంట్లోనే ఉండిపోయింది. ఆవిడ కోసం మెకానిక్కు ఫోనులో వీడియో తీస్తున్నాడు. వదిన కాస్త వెనకగా, మెకానిక్కు నడిపి తెచ్చిన ఎర్ర కారు నీడలో కూర్చుంది.

కాకి ముట్టాలి. ఒక కాకి వచ్చి ఎదుటి రాయి మీద వాలింది. పిండం వంక చూసింది, ముక్కు రాయికి రుద్దుకుంది, అంతే. పావుగంట గడిచింది.

"ఆయనకేదో కోరిక మిగిలిపోయిందండీ" అన్నారు పంతులుగారు. "తలుచుకుని మాటివ్వండి. తీరుస్తామని గట్టిగా చెప్పండి."

ఇలాంటివి నేను నమ్మను. కానీ చేతిలో నీళ్ల చెంబుతో, తడిబట్టలతో నిలబడ్డప్పుడు ఆ ముక్క గుర్తు రాలేదు. "వదినని మేం చూసుకుంటాం అన్నయ్యా" అన్నాను.

"నన్నెవరూ చూసుకోనక్కర్లేదు" అంది వదిన వెనకనించి.

కాకి కదల్లేదు.

"ఊళ్లో నీ వాటా చేను అమ్మం" అన్నాడు బావ. కాకి అటు తిరిగి కూర్చుంది.

"బడికి ఓ బీరువా ఇస్తాం" అన్నాను. కాకి ఎగిరి ఇంకాస్త దూరం రాయి మీదికి వెళ్లింది. పంతులుగారు వాచీ చూసుకున్నారు. ఆయనకు ఆ పూట కూచిపూడిలో ఇంకో కార్యం ఉంది.

అప్పుడు మెకానిక్కు ఫోను పట్టుకునే ముందుకొచ్చి అరిచాడు: "మేష్టారూ! మీ కారుకి అడ్డకడ్డీ నేనేస్తాను!"

సరిగ్గా అదే క్షణంలో బావ అరిచాడు: "బావా! నీ కారు ఎవరూ ముట్టుకోరు, ఉన్నదున్నట్టే ఉంచుతాం!"

కాకి దిగి వచ్చి పిండం తిన్నది. దాని వెనకాల ఇంకో నాలుగు వచ్చాయి.

మేం మళ్లీ స్నానానికి నీళ్లలోకి దిగకముందే గొడవ మొదలైంది.

"చూశారా! కడ్డీ అనగానే దిగింది" అన్నాడు మెకానిక్కు.

"నీ మొహం. ముట్టుకోరు అన్నాక దిగింది. నువ్వు మొదలెట్టినప్పుడు రాయి మీదే ఉంది."

"మీరు మొదలెట్టినప్పుడూ అక్కడే ఉందండీ!"

"వీడియో ఉందిగా, చూడు!"

క్రికెట్టులో అంపైరు చూసినట్టు ఆ వీడియోను తరవాతి ఆదివారం గుడివాడ షెడ్డులో నెమ్మదిగా తిప్పి చూశారు. నేనూ వెళ్లాను. అన్నయ్య స్టూలు ఖాళీగా ఉంటే దాని మీద ఎవరూ కూర్చోలేదు. నేను కారు సీటులో కూర్చున్నాను. వీడియోలో రెండు గొంతులూ కలిసిపోయి ఒక మాటా తెలియడం లేదు. కాకి రెక్క విప్పిన చోట ఆపి ఇద్దరూ ఫోనుకు చెవి ఆనించి విన్నారు. కాకి ఏ మాటకు ఒప్పుకుందో తేలలేదు.

పంతులుగారికి ఫోను చేశాం. ఆయన అంతా విన్నారు.

"రెండు మాటలిచ్చారు కాబట్టి రెండూ నిలబెట్టుకోవాలండీ. సంవత్సరీకం లోపల."

"వేస్తే ముట్టుకున్నట్టేగా పంతులుగారూ. రెండూ ఎలా కుదురుతాయి?" అన్నాను.

"అది మెకానిక్కు విషయం. నాకు మంత్రం వరకే తెలుసు."

వాళ్లిద్దరికీ గెలవాలని ఉంది. నా బాధ వేరు. అన్నయ్యకేం కావాలో అతను చెప్పకుండా పోయాడు. అడిగింది నన్ను. ఆ గడి నింపకుండా ఏడాది దాటితే ఇక ఎప్పటికీ నింపలేనని నాకనిపించింది. ఎందుకలా అనిపించిందో చెప్పలేను. అందుకే కారు తాళాలు వదిన దగ్గర అడిగి తీసుకున్నాను. వదిన కారు మీద కప్పిన దుప్పటి తీసింది. దాని కొలతకు కవరు దొరక్క, పెడన కలంకారీ దుప్పట్లు రెండు కలిపి కుట్టించింది. కలంకారీ తీసి అన్నయ్య ఎర్ర కారు ఎక్కడం మా వీధికి అలవాటే. నేను తాళాలతో ఎక్కడం అలవాటు లేదు.

"జాగ్రత్తగా నడుపు. అది తగ్గు కారు" అంది వదిన. తాళాలకు మించి ఆవిడను ఎవరూ ఏమీ అడగలేదు. మాకు తోచలేదు.

మొదట బావ ఒక పరీక్ష పెట్టాడు. అసలు కారు మెలి తిరుగుతుందో లేదో తేల్చాలన్నాడు. తాపీ మేస్త్రీలు గోడ మట్టం చూసుకునే నీళ్ల ట్యూబు తెచ్చాడు. అన్నయ్య ఇంటి ముందు కారుకు ఒక మూల జాకీ పెట్టి లేపారు. ట్యూబు ఒక కొన మెకానిక్కు పట్టుకున్నాడు, ఇంకో కొన నేను. బావ లుంగీ ఎగ్గట్టి కారు పక్కన బోర్లా పడుకుని నీటిమట్టం చూశాడు. వీధిలో వెళ్తున్న ఒకాయన ఆగాడు.

"ఏంటండీ, కారు పునాది తీస్తున్నారా?"

"మెలి చూస్తున్నాం."

"ఎవరికి?"

ఆయన కాసేపు నిలబడి, ఎడమ పక్క కాస్త దిగిందని చెప్పి వెళ్లిపోయాడు.

మెలి ఉంది. బియ్యపు గింజ మందం ఉంది. "ఉందా లేదా!" అన్నాడు మెకానిక్కు. "గింజంత!" అన్నాడు బావ. గింజంత ఉందని ఇద్దరూ ఒప్పుకున్నారు. అది ఎక్కువా తక్కువా అన్న దగ్గర మళ్లీ మొదలైంది.

తరవాత నేను ఒక పద్ధతి చెప్పాను. లెక్కలాయన తమ్ముణ్ణి కదా, అంతమాత్రం నాకూ వచ్చు. మెకానిక్కు తన ఇష్టప్రకారం కడ్డీ వెయ్యాలి లేదా వెయ్యకుండా ఉండాలి. బానెట్ మూసెయ్యాలి. ఎవరికీ చెప్పకూడదు. నేను నడపాలి, బావ పక్కన కూర్చోవాలి. దివిసీమ దాకా వెళ్లొచ్చి కడ్డీ ఉందో లేదో మేం చెప్పాలి. తెలుసుకోలేకపోతే దానివల్ల ఉపయోగం లేనట్టే.

ఆ ఆదివారం మెకానిక్కు బందరు వచ్చి, మమ్మల్ని ఇంట్లో కూర్చోబెట్టి, బయట అరగంట చప్పుడు చేశాడు. మధ్యలో వదిన అన్నానికి పిలిచింది. గోంగూర పప్పు, వంకాయ. అందరం తిని బయల్దేరాం. వెనక సీటు పేరుకే ఉంటుంది. మెకానిక్కు అందులో అడ్డంగా పడుకుని వచ్చాడు.

చల్లపల్లి దాటాం. నేను స్టీరింగు మీద చేతులు పెట్టి వింటున్నాను. అన్నయ్యతో అన్నిసార్లు ఈ దారిన వెళ్లి ఒక్కసారి కూడా వినలేదు. వంతెన ముందు మలుపులో కారు ఎప్పటికంటే నిక్కచ్చిగా తిరిగిందనిపించింది. వెంటనే, నేను ఇదివరకు నడిపితే కదా ఎప్పటికంటే అనడానికి, అని కూడా అనిపించింది. వంతెన అతుకుల మీద తలుపు కిర్రుమంది. దాంతోపాటు ముందువైపు ఎక్కడో టక్కుమని కొత్త చప్పుడు వచ్చింది.

అవనిగడ్డలో టీ దగ్గర ఆపాం.

"కడ్డీ లేదు" అన్నాడు బావ. "తేడా ఏమీ లేదు. పైగా టక్కు ఒకటి చేరింది."

"మీరేమంటారు చిన్నగారూ?" అన్నాడు మెకానిక్కు. వాడి మొహంలో నవ్వు ఆగడం లేదు.

"ఉందనుకుంటాను. మలుపులో తెలిసింది."

"ఉంది! నేను చెప్పలా! తెలుస్తుంది!" అని మెకానిక్కు బానెట్ ఎత్తాడు.

కడ్డీ ఉంది. నల్లగా, అడ్డంగా, చూడ్డానికి బాగానే ఉంది. బావ వంగి దాన్ని చేత్తో పట్టుకున్నాడు. అది అటూ ఇటూ కదిలింది. రెండు పక్కలా పట్టీలు గట్టిగా ఉన్నాయి. వాటికి కడ్డీని పట్టి ఉంచే బోల్టులు మాత్రం వేలితో తిప్పి వదిలినవి.

మెకానిక్కు ఒక బోల్టును వేలితో తిప్పి చూశాడు. "బిగించబోతుంటేనే అమ్మగారు అన్నానికి పిలిచారు" అన్నాడు.

అంటే మేం ముప్పై కిలోమీటర్లకు పైగా కడ్డీ ఉన్న కారును కడ్డీ లేనట్టే నడిపాం. నాకు మలుపులో తెలిసింది ఏమిటో నాకిప్పటికీ తెలియదు.

బావ మొహం మెల్లగా విప్పారింది. "ఇంకెవరూ చెయ్యి పెట్టొద్దు" అన్నాడు. "కడ్డీ వేస్తానన్నావు, వేశావు. ముట్టుకోం అన్నాను, కడ్డీ బిగియలేదు కాబట్టి కారు ఉన్నదున్నట్టే ఉంది. రెండు మాటలూ నిలబడ్డాయి. పంతులుగారు చెప్పింది ఇదే!"

మెకానిక్కు ఆలోచించాడు. "అవునండోయ్" అన్నాడు. రెండేళ్ల పైన కడ్డీ విషయంలో వాళ్లిద్దరూ ఒక మాట మీద ఉండటం అదే మొదలు. టీ డబ్బులు నేనిస్తానంటే నేనిస్తానని మళ్లీ పోట్లాడుకున్నారు.

కారు అలాగే ఉండిపోయింది. అప్పుడప్పుడు నేను ఒక్కణ్ణీ తీసుకెళ్లేవాణ్ణి. గూడూరు దాకా, ఒకోసారి దివిసీమ దాకా. పుస్తకం తీసుకెళ్లడం మానేశాను. కొన్ని విషయాలు తెలిశాయి. టైర్లు అరిగిపోయి రాయిలా ఉన్నాయి. కింద స్ప్రింగుల దగ్గరి రబ్బర్లు చీకిపోయాయి. అవి మార్చకుండా కడ్డీ వెయ్యడమంటే వదులు పళ్లకు గట్టి దవడ పెట్టడం. మంచి రోడ్డు మీద, గట్టిగా తిప్పే చోట కడ్డీ ఎంతో కొంత పనికొస్తుందని మెకానిక్కు చెప్పింది అబద్ధం కాదు. బాతుల వెనకాల పనికిరాదని బావ చెప్పిందీ అబద్ధం కాదు. సంవత్సరీకం నాటికి నా గడిలో రాయడానికి ఒక మాట తయారైంది: కడ్డీ ఇప్పుడొద్దు, ముందు టైర్లూ రబ్బర్లూ మార్చు.

ఆ మాట రాయలేదు. నోటితో చెబుదామనుకున్నాను. అడిగింది నోటితోనే కదా.

సంవత్సరీకానికి మళ్లీ అదే ఒడ్డుకు వెళ్లాం. వదిన, నేను, బావ ముందు. మెకానిక్కు పంతులుగార్ని బండి మీద తెచ్చాడు. పిండం పెట్టి వెనక్కి జరిగాను. గొంతు సవరించుకున్నాను. "అన్నయ్యా" అన్నాను.

అప్పటికే కాకి తింటున్నది. పిలవకముందే వచ్చింది. ఆకు మీద సగం అయిపోయింది.

"చూశావా, ఏమీ అనకముందే!" అన్నాడు బావ. "ఎక్కడిదక్కడ ఉంచినందుకు."

"కడ్డీ ఉంది కాబట్టే వచ్చింది" అన్నాడు మెకానిక్కు.

నేను చెప్పాల్సింది చెప్పేశాను. కాకి వినలేదు. టైర్లు అన్న దగ్గర ఎగిరిపోయింది.

పంతులుగార్ని బస్సెక్కించాక మెకానిక్కు బండి మీద వెనకాల వస్తానన్నాడు. కారులో నేను, పక్కన వదిన, వెనక అడ్డంగా బావ. వంతెన ఎక్కగానే అతుకుల మీద తలుపు కిర్రుమంది, ముందు టక్కుమంది. మళ్లీ కిర్రు, మళ్లీ టక్కు.

"ఆ కడ్డీ బిగించారా?" అంది వదిన.

"లేదు వదినా. రెండు మాటలూ..."

"తెలుసు. కాకి సంగతి అంతా విన్నాను. బిగించు. నాకు ఈ చప్పుడు మొదట్నించీ పడదు. రెండేళ్లు ఆయనకి చెప్పాను, ఇదుగో తేలుస్తా, అదుగో తేలుస్తా అని పోయారు. మీరు ఏడాది నుంచీ కాకిని అడుగుతున్నారు."

వెనక సీటులో బావ లేచి కూర్చోబోయి తల కొట్టుకున్నాడు. వంతెన దిగి కారు పక్కకు తీశాను. నోటుబుక్కులో చివరి పేజీ గుర్తొచ్చింది. మూడు గడులు ఉన్నాయి. వదినకు గడి లేదు. అన్నయ్యే గియ్యలేదు.

మెకానిక్కు వచ్చి పానా తీశాడు. "ఇలా ఇవ్వు" అని నేను తీసుకున్నాను. ఎటు తిప్పాలో వాడు చెప్పాడు. బావ బానెట్ మీద చెయ్యి వేసి, ఇది తన అభ్యంతరం నమోదు చేసుకునే చేస్తున్నారని అన్నాడు. రెండు బోల్టులూ బిగించాను. కడ్డీని లాగి చూశాను. కదల్లేదు.

వంతెన మీదికి మళ్లీ వెళ్తేనే గాని తెలియదని వెనక్కి తిప్పాను. టక్కు పోయింది. తలుపు కిర్రుమంది, గానీ సన్నగా. లేదా అంతే ఉంది. అవతలి గట్టు దగ్గర ఆపాను. మెకానిక్కు బండి పక్కనే ఆపి కిటికీలోంచి తల పెట్టాడు.

"తగ్గిందండీ. సగానికి సగం."

"ఏం తగ్గలేదు" అన్నాడు బావ. "అంతే ఉంది."

వదిన నావైపు తిరిగింది. "నువ్వేమంటావు?"

నీ ఇష్టం అనే మాట నోటి దాకా వచ్చింది.

"తెలియట్లేదు వదినా" అన్నాను. "ఇంకోసారి వెళ్లి చూద్దాం."

వదిన సీటు బెల్టు సర్దుకుంది. బావను కాసేపు మాట్లాడకుండా ఉండమంది. కారు తిప్పాను.